సిద్దీఖ్ (రజి) అప్పజెప్పి వెళ్ళిన లెక్క

మొయినాబాద్ మండలంలోని ఒక మసీదులో జుమా నమాజు ముగిసింది. ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి, అందరూ వెళ్ళిపోయేదాకా ఒక ప్రక్కన కూర్చున్నాడు. తరువాత మెల్లగా విషయం చెప్పాడు. వాళ్ళ దాదీ ఐదు నెలల క్రితం ఇహలోకం వీడారు. ఆమెకు వృద్ధాప్య పింఛను వచ్చేది. ఇంట్లోవాళ్ళు ఆమె మరణం గురించి ఏ కార్యాలయంలోనూ తెలియజేయలేదు. నెలకు 2,016 రూపాయల చొప్పున ఆమె బ్యాంకు ఖాతాలో పడుతూనే ఉన్నాయి. ఏ.టి.ఎం. కార్డు ఇతని దగ్గరే ఉంది. ఐదు నెలలకు 10,080 రూపాయలు తీసి ఇంటి ఖర్చులకు వాడుకున్నారు. ఇప్పుడు మనసు ఒప్పుకోవడం లేదని, అంత డబ్బూ మసీదు చందాలో వేస్తే సరిపోతుందా, దాదీకి పుణ్యం కూడా దక్కుతుందా అని అతను అడిగాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. మసలా తెలియక కాదు. మా ఇంటి సంగతి గుర్తుకు వచ్చింది. మా అక్కకు పెండ్లయి వేరే జిల్లాలోని అత్తవారింటికి వెళ్ళిన తరువాత కూడా రెండేళ్ళ వరకు ఆమె పేరు మా రేషను కార్డులోనే ఉండిపోయింది. ఆమె వంతు బియ్యం కూడా మేమే తెచ్చుకుని తిన్నాము. మదరసాలో ఎన్నో కితాబులు చదివి వచ్చిన మాకే అది ఒక తప్పు అని తోచలేదు. అందరూ చేసేదేగా అనుకున్నాము. అలాంటప్పుడు ఈ యువకుడికి ఏ ముఖంతో చెప్పగలం?

చివరకు మా మాటగా ఏమీ చెప్పకుండా, హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) జీవితంలోని కొన్ని సంఘటనలు అతనికి వినిపించాము. ఆ విషయాలనే ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆయనను మనం గుహలోని సహచరునిగా, మొదటి ఖలీఫాగా ఎరుగుదుము. అయితే ప్రజాధనం నుండి జీవనభృతి తీసుకున్న వ్యక్తిగా ఆయనను గురించి మనం అంతగా ఆలోచించము. ఈనాటి మాటలో చెప్పాలంటే ఆయన కూడా ఒక లబ్ధిదారే.

ఇచ్చే చేయి

ఆయన అసలు పేరు అబ్దుల్లాహ్. తండ్రి ఉస్మాన్, అబూ ఖుహాఫాగా ప్రసిద్ధులు. తల్లి సల్మా, ఉమ్ముల్ ఖైర్‌గా ప్రసిద్ధురాలు. ఖురైషులలోని బనూ తైమ్ వంశం. దైవప్రవక్త (స) కన్నా ఆయన సుమారు రెండున్నర సంవత్సరాలు చిన్నవారు. వృత్తి బట్టల వ్యాపారం. మాటలో నిజాయితీ, లెక్కలో ఖచ్చితత్వం ఉన్న వ్యాపారి అని మక్కాలో ఆయనకు మంచి పేరుండేది.

ఇస్లాం స్వీకరించేనాటికి ఆయన దగ్గర 40,000 దిర్హములు ఉండేవని చరిత్రకారులు వ్రాశారు. ఆ ధనాన్ని ఆయన దైవమార్గంలో ఖర్చుపెడుతూ వచ్చారు. యజమానుల చేతుల్లో చిత్రహింసలు అనుభవిస్తున్న హజ్రత్ బిలాల్ (రజి), ఆమిర్ బిన్ ఫుహైరా (రజి), జిన్నీరా (రజి) లాంటివారిని కొని విడుదల చేశారు. క్రీ.శ. 622లో మదీనాకు హిజ్రత్ చేసేనాటికి ఆయన దగ్గర మిగిలింది సుమారు 5,000 దిర్హములే. హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ యుద్ధ సన్నాహాల కోసం చందాలు పోగుచేసినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) తన ఆస్తిలో సగం తెచ్చారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇంట్లో ఉన్నదంతా తెచ్చి ఇచ్చేశారు.

ఈ విషయాన్ని ముందుగా చెప్పడానికి ఒక కారణం ఉంది. మనలో చాలామంది, నేను ఇంత కష్టపడ్డాను, పన్నులు కట్టాను, ప్రభుత్వం నుండి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తే తప్పేమిటి అనుకుంటారు. ఇచ్చిన దానిని లెక్కపెట్టుకుని దానికి బదులు తీసుకునే హక్కు ఎవరికైనా ఉందీ అంటే ఆయనకే ఉండాలి. కాని ఆయన అలాంటి లెక్క ఎన్నడూ వేయలేదు.

భుజాన బట్టల మూట

హిజ్రీ 11వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 632లో, దైవప్రవక్త (స) మరణానంతరం ముస్లిములు ఆయనను ఖలీఫాగా ఎన్నుకున్నారు. మరునాటి ఉదయం ఆయన ఎప్పటిలాగే బట్టలు భుజాన వేసుకుని బజారుకు బయలుదేరారు. దారిలో హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఎదురయ్యారు. ముస్లిముల వ్యవహారాలు చూడవలసినవారు బజారులో కూర్చుంటే ఎలా అని వారు అడిగారు. మరి నా భార్యాబిడ్డలకు అన్నం ఎక్కడి నుండి పెట్టాలి అని ఆయన అడిగారు. అప్పుడు వారు బైతుల్‌మాల్ నుండి ఆయనకు భృతి నిర్ణయించారు.

ఎంత నిర్ణయించారు? ముహాజిర్లలో ఒక మధ్యరకం కుటుంబానికి ఎంత కావాలో అంత. అందరికన్నా ఎక్కువా కాదు, అందరికన్నా తక్కువా కాదు. తినడానికి రోజుకు కొంత మాంసం, చలికాలానికి ఒక జత, వేసవికి ఒక జత బట్టలు. బట్టలు చినిగిపోతే పాతవాటిని తిరిగి ఇచ్చి కొత్తవి తీసుకోవాలన్నది షరతు. ఎవరూ ఆయనను అవమానించడానికి ఈ షరతు పెట్టలేదు, ఆయన దానిని అవమానంగా భావించనూ లేదు. ప్రజల సొమ్ము గనుక పాత గుడ్డకు కూడా లెక్క ఉండాలన్నదే దాని భావం.

ఇక్కడ మనం గ్రహించవలసింది ఏమిటంటే, అవసరమున్నప్పుడు ప్రజాధనం నుండి తీసుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. భర్త పోయిన స్త్రీ పింఛను తీసుకుంటే, వయసు మీరినవారు తీసుకుంటే, కాళ్ళు చేతులు లేనివారు తీసుకుంటే అది వారి హక్కు. సంకోచించనవసరం లేదు. ఒక చలికాలంలో హజ్రత్ అబూబక్ర్ (రజి) స్వయంగా ఉన్ని దుప్పట్లు కొని మదీనాలోని వితంతువులకు పంచిపెట్టారు. తీసుకున్న ఆ స్త్రీలను ఎవరూ చిన్నచూపు చూడలేదు.

ఖలీఫా అయ్యాక కూడా ఆయన పాత అలవాట్లు మారలేదు. సున్హ్ అనే వాడలో ఉన్నప్పుడు ఇరుగుపొరుగువారి మేకల పాలు పితికి ఇచ్చేవారు. ఖలీఫా అయ్యారు కదా, ఇక మన మేకల పాలు ఎవరు పితుకుతారు అని ఒక అమ్మాయి దిగులుపడింది. ఆ మాట విని ఆయన ఆ పనిని మానకుండా కొనసాగించారు. మదీనా శివారులో ఉండే ఒక గ్రుడ్డి ముదుసలికి సేవ చేద్దామని హజ్రత్ ఉమర్ (రజి) వెళ్ళినప్పుడల్లా, ఎవరో తనకన్నా ముందే వచ్చి ఇంటిపని చేసి వెళ్ళేవారట. ఒకరోజు కాపుకాసి చూస్తే ఆయన హజ్రత్ అబూబక్ర్ (రజి).

హల్వా కోసం మిగిల్చిన డబ్బు

ఇప్పుడు చెప్పబోయే సంఘటన ఉర్దూ చదివే ఇండ్లలో చాలామందికి తెలిసినదే. అయినా మళ్ళీ చెప్పుకోవలసిందే.

ఒకసారి ఆయన సతీమణికి తీపి పదార్థం తినాలనిపించింది. కొనడానికి మన దగ్గర డబ్బు లేదని ఆయన అన్నారు. ఇంటి ఖర్చులోనే రోజూ కొంచెం కొంచెం మిగిల్చి కొంటానని ఆమె అన్నారు. ఆయన సరేనన్నారు. కొన్ని రోజులకు కొద్దిపాటి డబ్బు ప్రోగయింది. ఆమె దానిని తెచ్చి చూపించారు. ఆయన ఆ డబ్బును తీసుకువెళ్ళి బైతుల్‌మాల్‌లో జమచేశారు. అంతటితో ఊరుకోలేదు. ఇంత మిగిలిందంటే మా అవసరానికి మించి భృతి వస్తున్నదన్న మాట అని, రోజుకు ఆమె ఎంత మిగిల్చారో అంత మేరకు తన భృతిని తగ్గింపజేశారు.

సోదర సోదరీమణులారా! ఒకసారి ఆలోచించండి. ఆమె దొంగతనం చేయలేదు. అబద్ధం చెప్పలేదు. కడుపు కట్టుకుని మిగిల్చుకున్నారు. ఆ భృతిని నిర్ణయించినవారు కూడా వచ్చి లెక్క అడగలేదు. ఇంట్లో జరిగిన సంగతి బయట ఎవరికీ తెలియదు. అయినా అవసరం తగ్గిందని తెలిసిన రోజునే, ఆ సంగతిని ఆయన తానుగా వెళ్ళి తెలియజేశారు.

మన ఇండ్లలో ఈ విధంగా వెళ్ళి చెప్పినవారు ఎంతమంది ఉంటారు? పింఛను మొదలైన రోజున మనకు అర్హత ఉండి ఉండవచ్చు. రేషను కార్డు రాయించుకున్న రోజున మనం నిజంగానే పేదవారమై ఉండవచ్చు. ఆ రోజు మనం వ్రాసిచ్చిన ప్రతి మాటా నిజమే కావచ్చు. కాని కాలం ఆగదు. కొడుకుకు ఉద్యోగం వస్తుంది. బిడ్డ అత్తవారింటికి వెళుతుంది. పొలం అమ్ముడుపోతుంది. వితంతువుకు మళ్ళీ నికాహ్ అవుతుంది. ముసలివారు మరణిస్తారు. ఆ రోజు నిజంగా వ్రాసిన మాట, ఈ రోజుకు అబద్ధమై కూర్చుంటుంది. మనం కొత్తగా ఏ అబద్ధమూ ఆడనవసరం లేదు. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, ఆ పాత నిజమే అబద్ధంగా మారిపోతుంది.

చేవెళ్ళ, మొయినాబాద్‌ల సంగతి

మేము జుమా ప్రసంగాల కోసం తిరిగే ఈ రెండు మండలాలలో ఈ విషయం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. సంక్షేమ పథకాల మాట ఇక్కడివారికి కొత్త కాదు. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన పాదయాత్రను చేవెళ్ళ నుండే మొదలుపెట్టారు. ఆ తరువాత కూడా ఎన్నో వాగ్దానాలు ఈ ఊరి సభల్లో వినబడ్డాయి.

మరోవైపు భూమి సంగతి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996 మార్చిలో 111 నంబరు జీ.ఓ. వచ్చింది. 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. మొయినాబాద్ పల్లెలు చాలావరకు అందులోనివే. ఆంక్షలు ఉన్నా నగరం దగ్గరపడేకొద్దీ ఫాంహౌసులు, వెంచర్లు వస్తూనే ఉన్నాయి. ఒకప్పుడు కూరగాయలు, పూలు పండించి తెల్లవారుజామున నగరానికి తీసుకువెళ్ళిన కుటుంబాలలో కొన్ని ఇప్పుడు భూమి అమ్మి పెద్ద ఇండ్లు కట్టుకున్నాయి. అల్లాహ్ వారికి ఇంకా బర్కత్ ప్రసాదించుగాక! అయితే ఇంటి ముందు కారు నిలిచి ఉన్నా ఇంట్లో పాత రేషను కార్డు అలాగే ఉంటున్నది. తెలంగాణ ప్రభుత్వం ఈ కార్డుకు పల్లెల్లో సంవత్సరాదాయం లక్షన్నర రూపాయలు, పట్టణాల్లో రెండు లక్షలు మించకూడదని పరిమితి పెట్టింది. భూమి తరి అయితే మూడున్నర ఎకరాలు, ఖుష్కి అయితే ఏడున్నర ఎకరాలు దాటకూడదు. మన పరిస్థితి ఆ గీత దాటిందో లేదో అందరికన్నా ముందు మనకే తెలుస్తుంది.

రైతుబంధు విషయంలోనూ ఇదే జరిగింది. 2018 మే నెలలో ఎకరానికి ఒక్కో పంటకు 4,000 రూపాయల చొప్పున ఆ సాయం మొదలైంది. ప్లాట్లుగా మారిపోయి, నాగలి మాటే మరచిన భూములకు కూడా పట్టా పుస్తకం ఆధారంగా డబ్బు పడుతూ వచ్చింది. 2025 జనవరిలో రైతు భరోసా పేరుతో ఎకరానికి 6,000 రూపాయలు ఇవ్వబోయే ముందు, లేఅవుట్లు, రోడ్లు అయిపోయిన భూములను గుర్తించడానికి ఊరూరా సర్వే చేశారు, గ్రామసభలు పెట్టారు. ఎవరి భూమిలో పంట ఉంది, ఎవరి భూమిలో రాళ్ళు పాతి ఉన్నాయి అన్నది అధికారి వచ్చి చూడవలసి వచ్చింది. భూమి యజమాని తానే ముందుగా చెప్పి ఉంటే అంత శ్రమ ఎందుకు?

ఇవ్వనివారూ, అర్హత లేకుండా తీసుకున్నవారూ

ఖలీఫా అయిన తొలి రోజుల్లోనే ఆయనకు పెద్ద పరీక్ష ఎదురైంది. కొన్ని తెగలవారు నమాజు చేస్తాము గాని జకాత్ ఇవ్వము అన్నారు. పరిస్థితి క్లిష్టంగా ఉంది, కొంత మెత్తబడితే బాగుంటుందని పెద్దలైన సహాబీలు కూడా సలహా ఇచ్చారు. మృదుస్వభావిగా పేరున్న ఆయన ఆ రోజు కొండలా నిలిచారు. దైవప్రవక్త (స) కాలంలో ఇచ్చిన దానిలో ఒక్క మేకపిల్లను ఇవ్వకపోయినా ఊరుకునేది లేదని తేల్చిచెప్పారు.

అంత పట్టుదల ఎందుకంటే, ఆ మేకపిల్ల ఆయనది కాదు. అది నిరుపేదల హక్కు. అత్తౌబా సూరాలో అల్లాహ్ జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలను స్వయంగా పేర్కొన్నాడు. పేదవాని హక్కు రెండు చోట్ల పోతుంది. ఇవ్వవలసినవాడు ఇవ్వకపోతే ఒక చోట, అర్హత లేనివాడు తీసుకుంటే మరో చోట. ప్రభుత్వ పథకాల డబ్బు జకాత్ కాదు, నిజమే. ఆ నియమాలు వేరు. కాని అది కూడా ఈ దేశ ప్రజలందరి సొమ్ము. అగ్గిపెట్టె కొన్న కూలీ కట్టిన పన్ను కూడా అందులో ఉంది. పైగా దరఖాస్తు మీద మనం సంతకమో, వేలిముద్రో వేసి మాట ఇచ్చాము. మాట ఎవరికి ఇచ్చినా దానిని నిలబెట్టుకోవడం విశ్వాసి లక్షణం. ఎదుటివాడు ముస్లిమా కాదా, ప్రభుత్వం మనవాళ్ళదా కాదా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తదు.

ప్రభుత్వంలో పెద్దలు కోట్లు తినడం లేదా అని కొందరు అంటారు. వారి లెక్క వారు చెప్పుకుంటారు. మన పళ్ళెంలోని ముద్దకు మనమే జవాబుదారులం.

ఒకరి అబద్ధం మరొకరి అన్నం మీద ఎలా పడుతుందో చూడండి. 2016లో తెలంగాణలో సుమారు 19 లక్షల రేషను కార్డులు రద్దయ్యాయి. అనర్హులను ఏరివేయడానికని కంప్యూటరు లెక్కల ఆధారంగా చేసిన పని అది. ఇంటింటికీ వెళ్ళి చూడకుండా రద్దు చేయడం సరికాదని విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని ఆదేశించింది. చూడకుండా తీసివేయడం తప్పే. కాని కార్డులున్నవారందరినీ అనుమానించే పరిస్థితి రావడంలో, మారిన సంగతులను దాచిపెట్టిన మనలాంటివారి పాత్ర ఏమీ లేదని చెప్పగలమా?

తిన్న తరువాత తెలిస్తే

ఆయనకు ఒక సేవకుడు ఉండేవాడు. సంపాదించిన దానిలో కొంత తెచ్చి ఇచ్చేవాడు. ఒకరోజు అతను తెచ్చిన ఆహారాన్ని ఆయన తిన్నారు. తిన్న తరువాత అతను అసలు సంగతి చెప్పాడు. అజ్ఞాన కాలంలో ఒకనికి జోస్యం చెప్పాడట. నిజానికి జోస్యం కూడా రాదు, అతనిని మోసం చేశాడు. ఆ మనిషి ఇప్పుడు కనిపించి ప్రతిఫలం ఇచ్చాడు. ఆ సొమ్ముతో వచ్చిన ఆహారమే ఇది. ఆ మాట వినగానే హజ్రత్ అబూబక్ర్ (రజి) గొంతులో వేలు పెట్టుకుని తిన్నదంతా కక్కివేశారు.

తెలియక తిన్నారు కదా, పాపం లేదు కదా అని ఆయన సరిపెట్టుకోలేదు. తెలిసిన క్షణం నుండి దానిని కడుపులో ఉంచుకోవడం ఆయన వల్ల కాలేదు. మనలో చాలామందికి నియమాలు తెలియవు. అక్క పేరు తీసివేయాలని మాకు తెలియనట్టే. తెలియనంతవరకు ఒక సంగతి, తెలిసిన తరువాత మరో సంగతి.

చివరి లెక్క

హిజ్రీ 13వ సంవత్సరం జమాదుల్ ఆఖిర్ మాసంలో ఆయనకు జ్వరం వచ్చింది. పదిహేను రోజులు మంచం పట్టారు. ఇక బ్రతకనని తెలిసినప్పుడు తన తరువాత హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉండాలని నిర్ణయించి, ఆ తరువాత ఇంటి లెక్క చూసుకున్నారు.

కుమార్తె హజ్రత్ ఆయిషా (రజి)కి ఆయన అప్పగించిన పని ఇది. ఖలీఫా బాధ్యత చేపట్టిన నాటి నుండి నేటి వరకు తన ఆస్తిలో కొత్తగా ఏమేమి చేరాయో చూసి, వాటిని తన తరువాతి ఖలీఫాకు పంపివేయాలి. చూస్తే మూడే వస్తువులు తేలాయి. పని చేసిపెట్టే ఒక సేవకుడు, తోటకు నీళ్ళు తోడే ఒక ఒంటె, ఐదు దిర్హముల ఖరీదు చేసే ఒక పాత దుప్పటి. అంతే కాదు, ఇంతకాలం భృతిగా తీసుకున్న మొత్తాన్ని కూడా తన భూమి అమ్మి తిరిగి చెల్లించమన్నారు. ఆ మొత్తాన్ని కొందరు 6,000 దిర్హములని, కొందరు 8,000 అని వ్రాశారు.

ఆ భృతి ఆయనకు ధర్మసమ్మతమే. తిరిగి ఇవ్వాలని ఎవరూ అనలేదు. అది ఆయన స్థాయివారి విషయం. అర్హతతో తీసుకున్న దానిని తిరిగి ఇవ్వాలని మనకు విధి లేదు. కాని హక్కుగా తీసుకున్న దానికే ఆయన అంతగా భయపడితే, హక్కు లేకుండా తీసుకున్న దానిని గురించి మనం ఎంత భయపడాలి?

ఆ వస్తువులు చేరినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) కన్నీళ్ళు పెట్టుకున్నారు. అబూబక్ర్ తన తరువాతివారిని ఎంత కష్టంలో పడవేసి వెళ్ళారు అని బాధపడ్డారు. ప్రక్కనే ఉన్న హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి జాలి కలిగింది. ఒక సేవకుడు, ఒక ఒంటె, ఐదు దిర్హముల దుప్పటి, వీటిని కూడా ఆ కుటుంబం నుండి తీసుకోవాలా, తిరిగి పంపేయండి అని సూచించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒప్పుకోలేదు. మరణశయ్య మీద అబూబక్ర్ తన భుజం మీద నుండి దించుకున్న బరువును తాను తిరిగి ఆయన ఇంటి మీద పెట్టలేనన్నారు.

అధికారి జాలిపడి చూసీచూడనట్టు వదిలేసినా అది హలాల్ కాదన్నది ఇక్కడి పాఠం. మన ఊళ్ళో తెలిసిన ఉద్యోగి, పోనీలే చాచా, కొన్నాళ్ళు అలాగే ఉండనీయండి అన్నాడనుకోండి. అతను దయతోనే అని ఉండవచ్చు. కాని ఆ సొమ్ము అతనిది కాదు. తనది కాని దానిని దానం చేసే అధికారం అతనికి లేదు.

ఇక కఫన్ విషయం. ఒంటిమీద ఉన్న పాత బట్టనే ఉతికి, దానికి రెండు బట్టలు కలిపి తనకు కఫన్‌గా వాడమని ఆయన చెప్పారు. కొత్తది తెస్తామంటే, కొత్త బట్ట చనిపోయినవారికన్నా బ్రతికున్నవారికే ఎక్కువ అవసరమని వారించారు. క్రీ.శ. 634 ఆగస్టులో, అరవై మూడేళ్ళ వయసులో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. దైవప్రవక్త (స) ప్రక్కనే సమాధి చేయబడ్డారు. ఆ తరువాత హజ్రత్ ఉమర్ (రజి) కొందరు పెద్దలను వెంటబెట్టుకుని బైతుల్‌మాల్ తెరిచి చూస్తే, సంచీ నుండి జారిపడిన ఒక్క నాణెం తప్ప ఏమీ కనిపించలేదు. వచ్చినదంతా వచ్చినట్టే హక్కుదారులకు సమానంగా పంచి వెళ్ళారు.

మనం చేయవలసింది

ఇదంతా విన్న తరువాత ఆ యువకుడు చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. మసీదు చందా మాట మళ్ళీ ఎత్తలేదు. అతని ప్రశ్నకు మసలా ఇది. ఇతరుల సొమ్ము మన దగ్గర ఉన్నప్పుడు, ఆ హక్కుదారు ఎవరో తెలిసి ఉంటే వారికే తిరిగి ఇవ్వాలి. వారిని వదిలి మసీదులో వేస్తే బాధ్యత తీరదు. నోటితో చేసే తౌబా ఒక్కటే చాలదు. దానితో దాదీకి పుణ్యం పంపాలనుకోవడం మరీ పొరపాటు. దాదీకి పుణ్యం కావాలంటే తన కష్టార్జితంలో నుండి దానం చేయాలి.

అతను దాదీ మరణ ధృవీకరణ పత్రం తీసుకుని కార్యాలయానికి వెళ్ళి పింఛను ఆపమని వ్రాసిచ్చాడు. ఎక్కువగా తీసుకున్న డబ్బు కడతానంటే అక్కడివారు మొదట ఆశ్చర్యపోయారట. తరువాత ఎలా కట్టాలో చెప్పారు. తన రెండు నెలల జీతంలో నుండి మిగిల్చి 10,080 రూపాయలూ కట్టి రశీదు తెచ్చి మాకు చూపించాడు. మేము కూడా మా ఇంటి కార్డులో పేరు తీయించుకున్నాము. తిన్న బియ్యం ఖరీదు లెక్కకట్టి, ఏ విధంగా చెల్లించాలో అడిగి చెల్లించాము. ఈ మాటను గొప్ప కోసం వ్రాయడం లేదు. ఆలస్యంగా మేల్కొన్నవారిలో మేమూ ఉన్నామని చెప్పడానికే వ్రాస్తున్నాము.

కనుక ఈ రాత్రి ఇషా తరువాత ఇంట్లోవాళ్ళందరూ కూర్చుని కార్డులు, పుస్తకాలు ఒకసారి ముందు పెట్టుకోండి. ఇంట్లో ఎవరైనా మరణించి ఉంటే 21 రోజులలోగా మరణాన్ని నమోదు చేయించాలన్నది చట్టం. ఆ పత్రంతోనే వారి పింఛను ఆపించండి, రేషను కార్డులో పేరు తీయించండి. బిడ్డ పెండ్లయి వెళ్ళిపోతే పేరు తొలగించడానికి మీసేవ కేంద్రంలో దరఖాస్తు చేయండి. ఆమె అత్తవారింటి కార్డులో చేరడానికి కూడా అదే దారి. వితంతు పింఛను, ఒంటరి మహిళ పింఛను పొందుతున్న సోదరికి నికాహ్ జరిగితే, ఆ సంగతిని పంచాయతీ లేక మునిసిపల్ కార్యాలయంలో తెలపండి. భూమి అమ్మినా, ప్లాట్లు చేసినా వ్యవసాయ విస్తరణాధికారికి చెప్పండి. ఏ కాగితం ఇచ్చినా దాని నకలు మీద సంతకమో, ముద్రో వేయించుకుని దాచుకోండి. అనుమానంగా ఉంటే అర్హత ఉందో లేదో అడిగి తెలుసుకోండి. అడిగితే పోతుందేమోనన్న భయంతో ఊరుకోవడమే ఆ అనుమానానికి జవాబు.

అర్హత ఉన్నవారు మాత్రం ఈ వ్యాసం చదివి తమ హక్కును వదులుకోవద్దు. పక్కింటి వితంతువుకు పింఛను రాకపోతే దరఖాస్తు వ్రాసిపెట్టండి, కార్యాలయానికి తోడు వెళ్ళండి. గ్రుడ్డి ముదుసలి ఇంటికి ఖలీఫా వెళ్ళినట్టు వెళ్ళండి.

ఐదు దిర్హముల దుప్పటిని కూడా లెక్కలో వ్రాసి వెళ్ళిన ఆ మహనీయుని అడుగుజాడల్లో నడిచే భాగ్యాన్ని, హలాల్ ముద్దతో తృప్తిపడే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.